లియనోరా కారింగ్టన్‌ని "మళ్లీ కనుగొన్నారు" అనడం సరైనదేనా?

పాతసంచిక:
2024 మేలో న్యూయార్క్ సోథెబీస్ వేలంలో లియనోరా కారింగ్టన్ బొమ్మ ఒకటి 2.85 కోట్ల డాలర్లు పలికింది. 1945లో, కలల్లాంటి వింత దృశ్యాలు చూపే సర్రియలిస్టు పద్ధతిలో వేసిన బొమ్మ. 1995లో ఇదే బొమ్మకు 5 లక్షల డాలర్లు కూడా రాలేదు. ఇప్పుడు ఎక్కడ చదివినా "మరుగున పడ్డ సర్రియలిస్టు చిత్రకారిణిని మళ్లీ కనుగొన్నారు" అనే మాటే. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఎవరు మరిచిపోయారని? ఇంగ్లండులో పుట్టినా, 1940ల ఆరంభం నుంచి 2011లో చనిపోయేదాకా ఆమె జీవితం ఎక్కువగా మెక్సికోలోనే గడిచింది. 1963లో అక్కడి మానవశాస్త్ర మ్యూజియం కోసం మాయా అనే ఆదివాసీ ప్రజల ప్రపంచాన్ని పెద్ద కుడ్యచిత్రంగా వేసింది. మెక్సికో సిటీలో రెఫోర్మా రోడ్డు పక్కన ఆమె చేసిన కంచు శిల్పం ఉంది. పడవా మొసలే, ఎక్కినవీ మొసళ్లే! జనం రోజూ దాని పక్కనుంచే పోతుంటారు.

రంగులపెట్టె:
నేను ఒప్పుకోనండీ. మా కాలేజీలో సర్రియలిజం పాఠమంటే డాలీ, మాగ్రిత్, మాక్స్ ఎర్న్‌స్ట్. కారింగ్టన్ పేరు ఒక్కసారే వచ్చింది, అదీ "ఎర్న్‌స్ట్ ప్రియురాలు" అని. బొమ్మ ఒక్కటీ చూపించలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆమె స్వీయచిత్రం ఫోన్‌లో కనిపించింది. ఇరవై ఏళ్లు దాటగానే వేసిన బొమ్మ అది. తెల్ల ప్యాంటు వేసుకుని, జుట్టు విరబోసుకుని కూర్చుంది. కుర్చీ చేతులకు నిజంగానే చేతులున్నాయి. ఎదురుగా పాలతో నిండిన పొదుగులున్న హైనా. వెనక గోడ మీద గాల్లో తేలే చెక్క గుర్రం, కిటికీ బయట పరుగెత్తే తెల్ల గుర్రం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది కనుక్కోవడం కాకపోతే మరేంటి? ధర వల్లే పేపర్లో పడింది, పేపర్లో పడితేనే నాలాంటివాళ్లకు తెలిసింది. పైగా వేలంలో ఆ 1945 నాటి బొమ్మ కొన్నది బ్యూనస్ ఐరిస్‌లోని మాల్బా మ్యూజియం స్థాపకుడు.

పాతసంచిక:
మీరు కనుక్కున్నారు, కాదనను. కానీ "మరుగున పడింది" అంటే తనంతట తనే పడినట్టు ఉంది. మీ క్లాసులో ఆమెను పక్కన పెట్టారు. ఆ పని చేసినవాళ్ల ఊసు ఈ మాటలో ఉండదు.

చూపు:
మీరిద్దరూ ఒకటి వదిలేశారు. ఇప్పుడు వచ్చే వ్యాసాల్లోనూ ఎర్న్‌స్ట్ అరెస్టు, 1940లో స్పెయిన్ పిచ్చాసుపత్రిలో ఆమెకిచ్చిన, మూర్ఛ తెప్పించే కార్డియజోల్ ఇంజెక్షన్లు, ఇవే సగం పేజీ. అవి చెప్పొద్దని కాదు, ఆమే వాటి గురించి రాసింది. మరి ఆ తర్వాతి డెబ్బై ఏళ్లు? మెక్సికోలో చిత్రకారిణి రెమెదియోస్ వారోతో స్నేహం, ఇద్దరు కొడుకుల పెంపకం, గుడ్డు సొనలో రంగు కలిపి ఓపిగ్గా వేసిన బొమ్మలు, 1972లో స్త్రీ విముక్తి కోసం గీసిన పోస్టరు. 1975 నాటి "అమ్మమ్మ మూర్‌హెడ్ ఘుమఘుమల వంటిల్లు" చూడండి. గదంతా ఎరుపు, అందులో మనిషంత తెల్ల బాతు. వంటింటిని అంత గంభీరంగా, పూజ జరిగే చోటులా చూసిన సర్రియలిస్టు మగవాళ్లలో ఎవరున్నారు?

రంగులపెట్టె:
ఇప్పుడే చూశాను. "కనుగొన్నారు" అనే మాట మీద నా అభిప్రాయం మారలేదు. కానీ నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలకు ఆదివారం ఈ వంటిల్లే చూపిస్తాను. ఎర్న్‌స్ట్ పేరు వాళ్లు అడిగితే చెబుతాను.