పెండిల్ ఉరిశిక్షలు: తప్పు ఊరిదా, రాజ్యానిదా?

వేణు_వరంగల్:
1612లో ఇంగ్లండ్‌లోని లాంకాషైర్‌లో పెండిల్ కొండ ప్రాంతంవాళ్లను పదిమందిని చేతబడి నేరం కింద ఉరితీశారు. నా దృష్టిలో తప్పు ఊరిదే. అలిజన్ డివైస్ అనే అమ్మాయి దారిలో కనిపించిన చిల్లర సామాను వ్యాపారిని గుండుసూదులు అడిగింది, అతను ఇవ్వలేదు. కాసేపటికే కుప్పకూలాడు. ఇప్పుడైతే పక్షవాతం అంటాం. తానే శపించానని ఆ పిల్ల కూడా నమ్మి క్షమించమని వేడుకుంది. ఫిర్యాదు చేసింది వ్యాపారి కొడుకు. ఇందులో రాజు చేసిందేముంది?

శారద_లీడ్స్:
వేణు గారూ, ఆ అమ్మాయి అమ్మమ్మ డెమ్‌డైక్‌కు మంత్రాలు వచ్చని చుట్టుపక్కల అందరికీ ఎన్నో ఏళ్లుగా తెలుసు. జబ్బు చేసిన ఆవును బాగుచేయమని పిలిచినవాళ్లూ ఉన్నారు. మేజిస్ట్రేటు రోజర్ నోవెల్ వాంగ్మూలాలు రాయించడం మొదలుపెట్టాకే పాత పగలన్నీ కేసులయ్యాయి. ఆయన చేతిలో ఉన్నది 1604 నాటి చట్టం, జేమ్స్ రాజు హయాంలోది. మంత్రగత్తెలను వేటాడాలని ఆ రాజు 1597లోనే ఏకంగా పుస్తకం అచ్చువేయించాడు.

నాకు అన్నిటికన్నా గుండె తరుక్కుపోయేది అలిజన్ చెల్లెలు జెనెట్ సంగతి. తొమ్మిదేళ్ల పిల్ల. కోర్టులో బల్లమీద నిలబెట్టి కన్నతల్లిమీద సాక్ష్యం చెప్పించారు. తల్లి అరుస్తుంటే ఆమెనే బయటికి పంపేశారు. అమ్మ, అన్న, అక్క ముగ్గురూ ఉరికెక్కారు. అలా చేయించే అధికారం ఏ ఊరికుంది?

పాతపుటలు:
1736లో పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దుచేసింది. అయినా 1751లో ట్రింగ్ దగ్గర రూత్ ఆస్బోర్న్ అనే ముసలావిడను జనం నీళ్లలో ముంచి చంపారు. అక్కడ రాజూ లేడు, జడ్జీ లేడు. ఇంకోటి, 1634లో అదే పెండిల్ వైపు ఒక కుర్రాడి మాట నమ్మి జ్యూరీ కొందరిమీద చేతబడి నేరం ఖాయం చేస్తే, లండన్‌కు పిలిపించి అబద్ధమని తేల్చింది చార్లెస్ రాజు ప్రభుత్వమే.

శారద_లీడ్స్:
రూత్‌ను చంపిన గుంపుకు ముందు నిలిచిన థామస్ కాలీని హత్యానేరం కింద ఉరితీశారు. అదీ చెప్పండి. జనం నమ్మకం అలాగే ఉంది, మారింది చట్టం. పైవాళ్లు తలచుకుంటే ఆపగలరని 1634 కూడా చెబుతోంది. 1612లో వాళ్లు ఆపలేదు.

వేణు_వరంగల్:
మరి మాథ్యూ హాప్కిన్స్? 1645లో, అంతర్యుద్ధం రోజుల్లో, మంత్రగత్తెలను పట్టిస్తానంటూ తూర్పు ఇంగ్లండంతా తిరిగాడు. రాజు పంపలేదు. ఊళ్లే డబ్బులిచ్చి పిలిపించుకున్నాయి. నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టి నేరం ఒప్పించాడు.

శారద_లీడ్స్:
పిలిచింది ఊళ్లే, కాదనను. కానీ ఆ ఒప్పుకోళ్లను సాక్ష్యంగా తీసుకుని మరణశిక్షలు వేసింది చెల్మ్స్‌ఫర్డ్ కోర్టు. న్యాయమూర్తులు వాటిని తోసిపుచ్చి ఉంటే హాప్కిన్స్‌ను రెండో ఊరు పిలిచేది కాదు.