రెండో స్టెంటు కూడా వేయించాలా?

నాన్నగారికి 78 ఏళ్లు. గుండెపోటు వచ్చిన రోజే పూర్తిగా మూసుకుపోయిన రక్తనాళానికి స్టెంటు వేశారు. మరో నాళంలో 70 శాతం పూడిక ఉంది, దానికీ వేయించమంటున్నారు. ఇప్పుడు ఆయనకు నొప్పి లేదు, ఆయాసం లేదు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) మాత్రం ఎక్కువ, అందుకే రక్తనాళాలు ఎక్స్‌రేలో కనిపించడానికి వాడే డై మళ్లీ ఎక్కిస్తే కిడ్నీలకు ఏమవుతుందోనని నాకు భయం.

2019 నాటి కంప్లీట్ అధ్యయనంలో మిగిలిన పూడికలకూ స్టెంట్లు వేస్తే గుండె జబ్బు మరణాలు, మళ్లీ గుండెపోట్లు కలిపి 10.5 నుంచి 7.8 శాతానికి తగ్గాయి. 75 దాటినవారిపై జరిగిన ఫైర్ అధ్యయనమూ (2023) అటే మొగ్గింది. 2024 నాటి ఫుల్ రివాస్క్ అధ్యయనంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇన్ని చదివాక అయోమయం పెరిగిందే తప్ప తగ్గలేదు!

యాంజియోగ్రామ్‌లో కంటితో వేసిన అంచనా సరిపోతుందా, లేక ముందు ఎఫ్‌ఎఫ్‌ఆర్ పరీక్ష (పూడిక రక్త ప్రవాహాన్ని నిజంగా ఎంత అడ్డుకుంటోందో నాళంలోని పీడనంతో కొలిచేది) అడగాలా? కిడ్నీ సమస్య ఉన్న పెద్దవారికి రెండోసారి వేయించినవారు, ఈ రంగంలోని వైద్యులు దయచేసి చెప్పగలరా?