పెద్దమ్మ కథల పుస్తకానికి కవర్ ఎలా ఉంటే బాగుంటుందండీ?

అందరికీ నమస్కారమండీ, మాది అమలాపురం దగ్గర, మా పెద్దమ్మ రాసిన కథలు పుస్తకంగా వేయిస్తున్నాం, ఎక్కువ కథలు 1996 నవంబర్ తుఫాను తర్వాత కోనసీమలో ఇళ్ళు, తోటలు పోయినవాళ్ళ గురించే. లోపలి పేజీలన్నీ రెడీ, కవర్ దగ్గరే ఆగిపోయాం.

ప్రెస్ వాళ్ళు పంపిన డిజైన్‌లో కొబ్బరిచెట్లు, పడవ, సూర్యాస్తమయం ఉన్నాయి, చూడ్డానికి బానే ఉంది కానీ టూరిజం పోస్టర్‌లా ఉందండీ, ఆ చెట్లు పడిపోయిన ఊళ్ళ కథలకి ఈ బొమ్మ ఎలా పెడతాం చెప్పండి. పుస్తకం చేతిలోకి తీసుకునేవాళ్ళకి ముందు కనపడేది అట్టే కదా, లోపల ఏముందో అదే చెప్పాలి. బాపుగారు పుట్టింది మా నరసాపురంలోనే, ఆయన అట్టల మీద బొమ్మా అక్షరాలూ ఒకే చేత్తో వేసినట్టు కలిసిపోయి ఉంటాయి, ఇక్కడేమో పేరు మామూలు ఫాంట్‌లో విడిగా అతికించినట్టుంది.

పెద్దమ్మకైతే పీచు తాడు పేనే చేతులు చాలు, ఇంకేం వద్దు అని ఉంది, నాకూ అదే నచ్చింది. అది ఫొటోనా, గీసిన బొమ్మా, ఏది బాగుంటుంది? టైటిల్ చేత్తో రాసిచ్చేవాళ్ళు రాజమండ్రి, భీమవరం వైపు ఎవరైనా ఉన్నారా, ఎంత తీసుకుంటారు? ఇంకోటి, స్క్రీన్ మీద ఉన్న ఎరుపు ప్రింట్‌లో డల్ అయిపోతుందంటున్నారు, సీఎంవైకేలోకి, అంటే ప్రింట్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతిలోకి మార్చి, ఒక ప్రూఫ్ (నమూనా ప్రింట్) తీయించుకుంటే సరిపోతుందా? పైన మెరుపు లేని మ్యాట్ లామినేషన్ వేయిస్తే ఇంకా డల్ అవుతుందా? చేయించుకున్నవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.