పిల్ల చేపలకు మేత ఎంత, రోజుకు ఎన్నిసార్లు?

గప్పీ_హనుమకొండ
అన్నలూ, నా గప్పీ పిల్లలన్నీ ఒకే ఈతవి. సగం బాగా పెరిగాయి, సగం పుట్టినప్పుడు ఎట్లున్నాయో అట్లనే ఉన్నాయి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వేస్తున్నా. మేత పెంచాలా, సార్లు పెంచాలా? బరువులో ఇంత శాతం అంటారు కదా, అంత చిన్న పిల్లను ఎట్లా తూస్తారు? ఏంజెల్ చేప పిల్లలు కూడా ఉన్నాయి, వాటికేం వేయాలి?

కాజీపేట_తొట్టి
సార్లు పెంచు తమ్ముడూ. దాని పొట్టలో పట్టేదే చిటికెడు. రోజు మొత్తానికి వేసేదాన్నే నాలుగైదు సార్లుగా వెయ్యి, రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి. మిగిలితే కుళ్ళి అమ్మోనియా అవుతుంది, పిల్లలు తినడం మానేస్తాయి, మనమేమో ఆకలేమో అని ఇంకా వేస్తాం. ఏంజెల్‌కు ఉడికిన గుడ్డు పచ్చసొన గుడ్డలో కట్టి నీళ్లలో పిండు, దాన్ని మించింది లేదు.

ఏంజెల్_కరీంనగర్
పచ్చసొన మాట ఎత్తకండి దయచేసి. పొద్దున వేస్తే సాయంత్రానికి అడుగున తెల్లటి పొర, వేలితో ముడితే జిగురు. ఈదడం మొదలుపెట్టిన పిల్లలకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా (డబ్బాలో గుడ్లుగా దొరికే, ఉప్పునీళ్లలో పొదిగించే రొయ్యలాంటి చిన్న జీవులు) వేయండి, కాసేపటికే పొట్టలు నారింజ రంగులో ఉబ్బి కనిపిస్తాయి. ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. పచ్చసొనతో ఆ సంగతి తెలుస్తుందా?

కాజీపేట_తొట్టి
ఆర్టీమియా డబ్బా ధర చెప్పి మాట్లాడండి మేడం. మా నాయన సిమెంటు తొట్లలో గుడ్డుతోనే పిల్లలను పెంచిండు. నీళ్లు మార్చే ఓపిక ఉండాలి, అంతే.

ఏంజెల్_కరీంనగర్
ఓపిక గురించి నాకు చెప్పకండి. లీటరు నీళ్లకు 25-30 గ్రాముల ఉప్పు, కింది నుంచి గాలి, పైన లైటు, 28 డిగ్రీల వేడి పెట్టి రోజూ పొదిగిస్తున్నా. పొద్దున వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేస్తా. చచ్చిన పిల్లల లెక్క ఆ డబ్బా ధరలో కలిపి చూడండి.

ఫిషరీస్_చదివినోడు
ఇద్దరూ ఆగండి. నేను ఈ చదువే చదివి, చేప పిల్లలను పుట్టించే హేచరీలో పనిచేసినవాణ్ణి. మేత పెంచేకొద్దీ పెరుగుదల పెరిగేది ఒక హద్దు దాకానే, ఆ తర్వాత వేసేదంతా నీళ్ల పాలే. మరీ చిన్న పిల్లలకు ఒంటి బరువులో 10 శాతం దాకా, పెరిగేకొద్దీ 5, తర్వాత 3కు దిగాలి. శాతం తగ్గినా చేప బరువెక్కుతుంది కాబట్టి గ్రాముల్లో మేత పెరుగుతుంది, అందుకే వారానికోసారి మళ్లీ తూయాలి. ఒక్కో పిల్లను కాదు, చిన్న డిజిటల్ కాంటా మీద నీళ్ల గ్లాసు పెట్టి, కాంటా సున్నా చేసి, వల నీళ్లు ఓడాక పది ఇరవై పిల్లలను కలిపి వెయ్యండి.

వరంగల్_గోల్డ్‌ఫిష్
అసలు సంగతి ఎవరూ చెప్పడం లేదు. పెద్దవి ముందు ఎగబడి తింటాయి, చిన్నవి మూలకు పోతాయి, మేత పెంచితే పెద్దవే ఇంకా పెద్దవవుతాయి. సైజు చూసి వేరు చేయండి, చిన్నవాటికి వేరే తొట్టి పెట్టండి. అప్పుడు చూడండి, వారం పది రోజుల్లో తేడా తెలుస్తుంది.

మంచిర్యాల_మోలీ
నల్లా నీళ్లు నేరుగా పోస్తున్నారా? క్లోరిన్ ఉంటే ఎంత మేత వేసినా దండగే. ఇంకోటి, డిసెంబరు చలికి మా దగ్గర నీళ్లు చల్లబడితే చేపలు సగం కూడా తినవు. హీటర్ లేకపోతే మేత తగ్గించండి.

కాజీపేట_తొట్టి
హీటర్ పెడితే కరెంటు బిల్లు ఎవరు కడతారు?

ఫిషరీస్_చదివినోడు
బిల్లు భయముంటే ఏంజెల్ పెంచొద్దు.

గప్పీ_హనుమకొండ
గొడవ వద్దన్నా. చిన్నవాటిని వేరే టబ్బులోకి తీశా, ఇప్పుడు మేత దొరుకుతోంది వాటికి. మేడం, ఆర్టీమియాకు ఇంట్లో వాడే అయోడిన్ ఉప్పు పనికొస్తుందా?

ఏంజెల్_కరీంనగర్
దొడ్డుప్పు వాడు తమ్ముడూ. పొదిగాక తీసేటప్పుడు ఆర్టీమియా గుడ్ల పెంకులు పైకి తేలుతాయి, అవి రాకుండా పిల్లలను అడుగు నుంచి పైపుతో లాగు.