పాత టైల్స్ మీద మైక్రోసిమెంట్: మూలల్లో ఏం చేయాలి?

ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ చూసి చాలామంది టైల్స్ పగలగొట్టకుండానే బాత్రూమ్ గోడలకు మైక్రోసిమెంట్ (సిమెంట్, పాలిమర్ కలిపిన పల్చని పూత) వేయిస్తున్నారు. రీల్‌లో కనిపించేది ఆఖరి పూతే. అసలు పనంతా దాని కిందే ఉంటుంది. మొత్తం మందం 2–3 మి.మీ. మాత్రమే కాబట్టి కింద టైల్ కదిలితే పైన పగులుతుంది, జాయింట్లు సరిగ్గా నింపకపోతే ఆ గీతలు మళ్లీ తేలతాయి.

మా బాత్రూమ్‌లో తట్టితే డొల్లగా మోగే టైల్స్ తీసేసి, జాయింట్లు నింపి, ఎపాక్సీ ప్రైమర్ (పట్టు కోసం ముందుగా వేసే పూత) తడిగా ఉండగానే సన్న ఇసుక చల్లి, ఫైబర్ మెష్ (పగుళ్లు రాకుండా పెట్టే సన్నని వల)తో బేస్ కోట్ వేయాలనుకుంటున్నాం. ఇంతవరకు అనుమానం లేదు.

షవర్ గోడకు విడిగా వాటర్‌ప్రూఫింగ్ కావాలా? పాలీయురిథేన్ సీలర్ (అన్నిటికన్నా పైన వేసే రక్షణ పూత) రెండు కోట్లు సరిపోతాయా? అన్నిటికన్నా ముఖ్యం, గోడ నేల కలిసే మూలలో మెష్‌ను మడిచి తిప్పాలా, సందు వదిలి సిలికాన్ పెట్టాలా? వెంట్రుకవాసి పగుళ్లు అక్కడే మొదలవుతాయి. ఈ పని చేసేవాళ్లు దయచేసి చెప్పండి.