పాత దస్తావేజులో ‘సిబ్బంది జవాను’ అంటే?

భీమిలి నుంచి ప్రశ్న: మా తాతగారి తాత గురించి మాకున్న ఆధారం ఒక్క క్రయదస్తావేజే. 1850కి ముందుది. సాక్షుల వరసలో ఆయన పేరు, దాని పక్కన ‘సిబ్బంది జవాను’ అని ఉంది. కచేరీలో గుమస్తాగా చేసుంటాడని మా పెదనాన్న అంటారు. గుమస్తాని జవాను అంటారా?

మహారాణిపేట నుంచి: అనరండి. మీ పెదనాన్నగారు ఇవాళ్టి అర్థం పట్టుకున్నారు. ‘ఆసుపత్రి సిబ్బంది’ లాంటి వాడుక తర్వాతది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో సిబ్బంది అంటే పటాలంలో చేరని స్థానిక బలగం. శిస్తు వసూలుకి తోడు వెళ్ళడం, ఠాణాల కాపలా, మన్యంలో గొడవలైతే ముందు నడవడం వాళ్ళ పని. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ అనే ఇంగ్లీషు నిఘంటువులో ‘సెబండీ’ పేరుతో ఈ మాట ఉంది. పారసీలో ‘సిహ్’ అంటే మూడు. మూడు నెలలకోసారి జీతం కాబట్టి ఆ పేరు వచ్చిందని ఒక వివరణ. నాకది మరీ చక్కగా అతికినట్టుంది, అందుకే పూర్తిగా నమ్మబుద్ధి కాదు. 1859 మద్రాసు పోలీసు చట్టం వచ్చాక ఆ పని పోలీసుల చేతికి పోయింది.

పాత పోస్టాఫీసు నుంచి: మా ఇంట్లో ముత్తాత ‘వాలంటీరు’ అంటారు. అదీ ఇదీ ఒకటేనా?

మహారాణిపేట నుంచి: కాదు. వైజాగపటం రైఫిల్ వాలంటీర్ల లాంటి దళాల్లో దాదాపు అంతా దొరలు, ఆంగ్లో ఇండియన్లే. 1920లో వాళ్ళకి ఆగ్జిలరీ ఫోర్స్, మనవాళ్ళకి టెరిటోరియల్ ఫోర్స్ అని, ఈ పార్ట్‌టైం సైనిక దళాలకి విడివిడిగా చట్టాలు చేశారు. కాబట్టి ముందు ఏ కాలమో తేల్చుకోండి. ఇంట్లో పతకం ఉంటే బొమ్మ సంగతి తర్వాత, దాని అంచు చూడండి. చాలావాటి మీద పేరు, దళం చెక్కి ఉంటాయి. తోమి అరగదీయకండి బాబూ!

భీమిలివారు మాత్రం 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు, అంటే ఇనాం భూముల వివరాలు రాసిన సర్కారు పుస్తకం, అడగండి. కొలువుకి భూమి దక్కి ఉంటే, ఎవరికి, ఎందుకు ఇచ్చారో అందులో రాసి ఉంటుంది. అది ఊళ్ళవారీగా ఉంటుంది కాబట్టి, ఇంటిపేరు కన్నా ఊరిపేరు ముఖ్యం. దస్తావేజులో ఏ ఊరని ఉంది?

భీమిలి నుంచి: నర్సీపట్నం దగ్గరండి.

మహారాణిపేట నుంచి: అయితే గొలుగొండ మన్యం పక్కనే. 1845 నుంచి 48 దాకా అక్కడ తిరుగుబాటు నడిచింది. ఆ పేజీ ఫొటో పెట్టండి, ‘జవాను’ తర్వాత ఇంకేమైనా రాసుందేమో చూద్దాం.