కొండ ఊళ్లో పాత కార్లు: ఏ కాలం బండో బయటి నుంచే పట్టుకోవడం ఎలా?

మెట్లదారి (ప్రశ్న)

కొండల మీద ఊళ్లకు వెళ్తే నేను బండి ఎక్కను, నడుస్తాను. అలా తిరిగేటప్పుడు కింద ఊళ్లలో కనపడని పాత కార్లు ఇక్కడ సందుసందుకీ కనిపిస్తున్నాయి. నిన్న ఒకే వీధిలో మూడు చూశాను. ఒకటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, అది గుర్తుపట్టడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. రెండోది ల్యాండ్ రోవర్. హెడ్‌లైట్లు మడ్‌గార్డుల మీద కాకుండా మధ్యలో, జాలీ గ్రిల్ వెనక ఉన్నాయి. మూడోది చాలా చిన్నది. నలుగురు ఎక్కితే ఐదోవాడు వెనక నుంచి తోయాల్సిందే. ఒకాయన అందులోంచి దిగితే తలుపు వెనక వైపు బందుల మీద తెరుచుకుంది, మన అలవాటుకి తిరగేసినట్టు.

ఇవి ఏ కాలానివో ఓనర్ని అడగకుండా, బానెట్ ఎత్తకుండా చెప్పొచ్చా? కొండల్లోనే ఇవి ఎందుకు మిగిలాయి? అన్నింటినీ వింటేజ్ అనేయొచ్చా?

తేదీలపిచ్చి

మీ మూడో ప్రశ్నకు మాత్రం నేను చెప్తాను. అనకూడదు. బ్రిటన్ క్లబ్బుల లెక్కలో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 లోపు తయారైనవి. మీరు చూసిన మూడూ ఆ గీత దాటినవే. ఫీవా అనే అంతర్జాతీయ సమాఖ్య మాత్రం 30 ఏళ్లు నిండి, అసలు రూపు చెడకుండా ఉన్నదాన్ని చారిత్రక వాహనంగా చూస్తుంది. మాటల్లో ఎవరు ఏమన్నా పర్లేదు కానీ అమ్మకం దగ్గర వింటేజ్ అన్నారంటే ధర పెంచుతున్నారని అర్థం.

పానా11

తమ్ముడూ, నేను రిటైరైన మెకానిక్‌ని. కొండ రోడ్డు బళ్లే ఎక్కువ బాగుచేశాను. ఒక్క సంగతి పట్టుకో: పేరు రేకునీ రంగునీ చక్రాలనీ నమ్మకు. బోల్టు విప్పితే ఊడొచ్చేది ఏదైనా మారిపోయి ఉండొచ్చు. రేకులో కోసి పెట్టినదాన్ని చూడు. కిటికీ ఆకారం, తలుపు బందులు ఎటున్నాయి, నడుము దగ్గర వంపు. వాటిని మార్చే ఓపికా డబ్బూ ఎవరికీ ఉండవు.

బీటిల్ అయితే ముందుకు కాదు, వెనక్కి వెళ్లి నిలబడు. 1953 మార్చి దాకా వెనక అద్దం రెండు ముక్కలు, మధ్యలో రేకు పట్టీ. అక్కడి నుంచి 1957 దాకా ఒకటే, కోడిగుడ్డు ఆకారంలో. ఆ తర్వాత వెడల్పు అద్దం వచ్చేసింది. మొత్తం మీద ఆ బండి 2003 దాకా తయారైంది కాబట్టి బీటిల్ కనపడగానే పాతది అనుకోకు.

ల్యాండ్ రోవర్ 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో బయటికొచ్చింది. లైట్లు గ్రిల్ వెనక ఉన్నాయంటే మొదటి రెండు మూడేళ్ల బండి కావాలి. లైట్లు గ్రిల్ బయట, కానీ మధ్యలోనే ఉంటే తొందరపడకు, పక్క రేకు చూడు. 1958లో సిరీస్ 2 వచ్చాక నడుము దగ్గర పీపా మాదిరి వంపు వచ్చింది. అంతకుముందువి గోడలా తిన్నగా ఉంటాయి. లైట్లు మడ్‌గార్డుల మీదికి వెళ్లింది 1960ల చివర్లో. 1971 తర్వాతి సిరీస్ 3కి ప్లాస్టిక్ గ్రిల్.

ఎందుకు మిగిలాయంటే, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఉక్కు దొరక్క ల్యాండ్ రోవర్ ఒళ్లంతా అల్యూమినియం మిశ్రమంతో చేశారు. పైన తుప్పు పట్టదు. కింద బండిని మోసే చట్రం, అదే ఛాసిస్, ఉక్కే, చచ్చేది అక్కడే. వంగి చూడు, పైన తళతళ, కింద పొరలు పొరలుగా ఊడుతుంటుంది. బీటిల్‌కి రేడియేటరే లేదు, గాలితో చల్లబడే ఇంజను. చలికి గడ్డకట్టడానికి అందులో నీళ్లుంటేగా! మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లే ఊళ్లలో మాత్రం ఏ పాత బండికైనా చక్రాల పైన, తలుపుల కింద రేకు తినేస్తుంది.

బండి నడుస్తోందా, అలంకారానికి పెట్టారా అన్నది చక్రాల దగ్గర తెలుస్తుంది. టైరు పక్కన ఒక కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి, 2000 నుంచి వచ్చిన పద్ధతి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1419 అంటే 2019లో పద్నాలుగో వారం. టైరు కొత్తది, చక్రం వెనక అరిగిన రాయి ఉందంటే రోజూ తిరిగే బండి. హ్యాండ్ బ్రేక్‌ని ఆ ఓనరు నమ్మడు, మంచి పనే.

సైలెన్సర్ గొట్టంలోకి కూడా ఓ చూపు వెయ్యి. 2,000 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకి పంపే కార్బురేటర్‌కి ఆ సంగతి తెలియదు, కింద పోసినంత పెట్రోలే పోస్తుంది. అందుకే నల్లటి పొడి మసి, ఎక్కడం మొదలెట్టగానే పెట్రోలు వాసన. మసి లేకపోతే ఎవరో కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ముక్కలు, అవే జెట్లు, మార్చారు, ఆ బండికి మంచి చెయ్యి దొరికింది.

నాలుగుచక్రాలు

మెకానిక్ అన్న జీపు వదిలేశారు, నేను కలుపుతా. గ్రిల్‌లో చీలికలు లెక్కపెట్టండి. తొమ్మిదుంటే యుద్ధకాలం నాటి విల్లీస్ లేదా ఫోర్డ్. ఏడుంటే 1945 నుంచి జనానికి అమ్మిన సీజే వరస. జీపు వెనక తలుపు కిందికి తెరుచుకుంటే సీజే, యుద్ధం బండికి వెనక తలుపే లేదు.

ఇంకోటి, ఆ చిన్న కారు ఫియట్ 500 అయ్యుంటుంది. 1957లో వచ్చింది, రెండే సిలిండర్లు. 1965లో బందులు ముందుకు మార్చారు, కాబట్టి మీరు చూసింది అంతకు ముందుది.

పానా11

ఫియట్ 500లోనే వెనక భాగం పొడుగ్గా ఉండే జార్డినియెరా ఒకటుంది బాబూ. దానికి 1965 దాటాక కూడా తలుపు పాత పద్ధతే. వెనక ఎలా ఉందో తెలియకుండా సంవత్సరం చెప్పేస్తే ఎట్లా?

మెట్లదారి

అందరికీ థాంక్స్. పొద్దున మళ్లీ వెళ్లి చూశాను. చిన్న కారు వెనక పొట్టిగానే ఉంది, అంటే 1965కి ముందుది అనుకోవచ్చు. కానీ బీటిల్ దగ్గర తికమక. వెనక అద్దం కోడిగుడ్డు ఆకారమే. ముందు లైట్లు మాత్రం వెనక్కి వాలకుండా నిటారుగా ఉన్నాయి. అవి 1967 తర్వాతవని ఎక్కడో చదివాను. రెండూ ఒకే బండికి ఎలా?

పానా11

బీటిల్ మడ్‌గార్డులు నాలుగూ బోల్టులతో బిగించేవే. ముందు ఎవడో గుద్దేసి ఉంటాడు, దొరికినవి తెచ్చి వేశారు. అద్దం చెప్పిందే లెక్క: 1953కీ 57కీ మధ్య. ఈసారి వెళ్తే ముందు మడ్‌గార్డు ఒంటికి కలిసే చోట రబ్బరు పట్టీ చూడు. అక్కడ ఇంకో రంగు తొంగిచూస్తే నా మాటకు రుజువు దొరికినట్టే. చేత్తో ముట్టకు, ఓనరు కిటికీలోంచి చూస్తుంటాడు. ఆయనే బయటికొస్తే అడిగెయ్, గంటసేపు వదలడు.